ఉత్తరాంధ్ర నుంచి విదేశీ ఫ్లైట్లు: మా షాపులో రోజూ అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో చిన్న గదిలో విమానం టికెట్లు తీయడం నా పని. విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టు మాట మొదలైన దగ్గర్నుంచి జనం టికెట్ సంగతి పక్కనపెట్టి నన్ను ప్రశ్నలు అడగడం ఎక్కువైంది. అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు మారవు. టెక్కలి వెల్డరైనా, గజపతినగరం నుంచి కూతురి పురిటికి వెళ్లే పెద్దావిడైనా, రాజాం వ్యాపారైనా అవే అడుగుతారు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఇలా రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న చూసుకుని నేరుగా దాని దగ్గరికే వెళ్లిపోండి.

## ఫ్లైట్ రాకముందు

ఎయిర్‌పోర్టు పేరులోనే 'అంతర్జాతీయ' అని ఉంది కదా, విదేశాలకు ఫ్లైట్లు ఉన్నట్టేనా?

కాదు. ఆ మాటకు అర్థం కస్టమ్స్, ఇమిగ్రేషన్, ఆరోగ్య తనిఖీలకు అక్కడ ఏర్పాటు ఉందని. బస్సు కాంప్లెక్స్ కట్టినంత మాత్రాన బస్సు వచ్చినట్టు కాదు కదా. విజయవాడ సంగతే చూడండి. 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. మొదటి రెగ్యులర్ విదేశీ సర్వీసు, సింగపూర్‌కి, 2018 డిసెంబరులో గానీ రాలేదు. అది కూడా ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది.

భోగాపురం రన్‌వే అంత పొడుగు కట్టారు, మరి అమెరికా ఫ్లైట్ దిగదా?

దిగడానికి అడ్డేమీ లేదు. భోగాపురం రన్‌వే 3,800 మీటర్లు, విశాఖ పాత ఎయిర్‌పోర్టుది సుమారు 3,050. పెద్ద విమానాలకు అది చాలు. కష్టమంతా ఆ విమానంలో దాదాపు 300 సీట్లు నింపడంలో ఉంది, అదీ వారం తర్వాత వారం. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా ఫ్లైట్ మొదలుపెట్టింది. హైదరాబాద్ అంత ఊరికి, ఇంతమంది తెలుగువాళ్లు అమెరికాలో ఉండి కూడా, అది నిలబడలేదు. మన దగ్గర్నుంచి ఆశ పెట్టుకోదగినవి నాలుగైదు గంటల్లో చేరే ఊళ్లే. దుబాయ్ సుమారు 3,000 కిలోమీటర్లు, సింగపూర్ కొంచెం తక్కువ, బ్యాంకాక్ 1,900 చిల్లర. 180 సీట్ల చిన్న విమానానికి ఇవన్నీ అందుతాయి.

మా ఊళ్లో ఇంటికొకడు గల్ఫ్‌లో ఉన్నాడు. ఫ్లైట్ నిండదంటే ఎలా నమ్మమంటారు?

అందరికన్నా కోపంగా అడిగే ప్రశ్న ఇదే. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లయితే బల్ల గుద్ది మరీ అడుగుతారు. కాగితం తీసుకుని లెక్క వేద్దాం.

విమానంలో 186 సీట్లు అనుకోండి. వారానికి రెండు రోజులు, రానూపోనూ, అంటే వారానికి 744 సీట్లు. ఏడాదికి 38 వేల పైచిలుకు. వాటిలో నూటికి 80 నిండాలంటే దాదాపు 31 వేల మంది ఎక్కాలి.

ఇప్పుడు మన వెల్డర్ సంగతి. రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్తాడు, రెండేళ్లకోసారి సెలవుకి వస్తాడు. రావడం ఒక సీటు, పోవడం ఒక సీటు. రెండేళ్లకి రెండు సీట్లు, అంటే ఏడాదికి సగటున ఒక్కటే. కేవలం కార్మికులతో ఆ ఫ్లైట్ నడవాలంటే ఆ ఒక్క ఊరి ఎయిర్‌పోర్టుకే వెళ్లేవాళ్లు మన వైపు నుంచి 31 వేల మంది ఉండాలి. రోజూ నడవాలంటే లక్ష దాటాలి. మనవాళ్లేమో ఒకచోట లేరు. దుబాయ్, అబుధాబి, మస్కట్, దోహా, కువైట్, దమ్మాం, రియాద్, జెద్దా, ఇలా చెదిరిపోయి ఉన్నారు. ఆ పైన టికెట్ చాలాసార్లు కంపెనీయే తీస్తుంది. కంపెనీ వాళ్లు ఎక్కడ చవకో అక్కడ తీస్తారు, మన ఊరికి దగ్గరా దూరమా చూడరు.

ఇంటికొకడు ఉన్నమాట నిజమే. వాడు ఎన్నిసార్లు ఎక్కుతాడన్నదే లెక్క.

మన ఎంపీ గారే విమానయాన మంత్రి. ఆయన ఒక్క మాట చెబితే ఫ్లైట్ వేయరా?

రామ్మోహన్ నాయుడు గారు 2024 జూన్ నుంచి కేంద్ర మంత్రిగా ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న మా జిల్లాలో మామూలైపోయింది. ఏ మంత్రీ ఒక ఎయిర్‌లైన్స్‌ని ఫలానా విదేశానికి నడపమని ఆర్డర్ వేయలేరు. విమానాలు ప్రభుత్వ కంపెనీలే నడపాలన్న ఎయిర్ కార్పొరేషన్ల చట్టం 1994లో రద్దయ్యాక రూటు ఎంచుకోవడం కంపెనీ ఇష్టం. చెబితే వినాల్సిన ప్రభుత్వ కంపెనీ అంటే ఎయిర్ ఇండియా. అది 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లిపోయింది. మంత్రి చేయగలిగినవి వేరే ఉన్నాయి. ఇమిగ్రేషన్, కస్టమ్స్ సిబ్బందిని త్వరగా వేయించడం, విదేశాలతో విమాన ఒప్పందాలు మాట్లాడడం. అవి చిన్న పనులు కావు. అవి అయ్యాక సీట్లు నింపాల్సింది మాత్రం మనం.

వైజాగ్‌కి సింగపూర్, బ్యాంకాక్ కంపెనీలు వచ్చాయి. దుబాయ్ కంపెనీ ఎందుకు రాదు?

ఒక దేశం విమానం ఇంకో దేశంలో దిగాలంటే రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం ఉండాలి. వారానికి ఎన్ని సీట్లు, ఏయే ఊళ్లలో దిగొచ్చు అన్నవి అందులో రాసి ఉంటాయి. సింగపూర్, మలేసియా, థాయ్‌లాండ్ లాంటి ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్. ఆ దేశాల కంపెనీలకు భారత్ 18 పర్యాటక నగరాలను బాగా సడలించి తెరిచింది. ఆ జాబితాలో విశాఖ ఉంది. 2011లో సిల్క్ ఎయిర్ సింగపూర్ నుంచి రావడానికి, దాని తర్వాత స్కూట్ కొనసాగించడానికి, మలేసియా, థాయ్ కంపెనీలు వచ్చి ప్రయత్నించడానికి ఆ తలుపు తెరిచి ఉండడం ఒక కారణం.

దుబాయ్‌తో అలా కాదు. రెండు వైపులా వారానికి సుమారు 66 వేల సీట్ల చొప్పున కోటా ఉంది. దుబాయ్ వాళ్లు తమ వాటా పెద్ద ఊళ్లకే వాడేసుకున్నారు. ఇంకా కావాలని ఏళ్లుగా అడుగుతున్నారు. మన కంపెనీలు మన వాటా మీద నడుపుకోవచ్చు. 2025 జూన్‌లో ఇండిగో విశాఖ నుంచి అబుధాబికి మొదలుపెట్టింది కూడా అలాగే, అబుధాబితో ఉన్న వేరే ఒప్పందంలో భారత్ వాటా మీద.

ఈ చిక్కు ఎలా ఉంటుందో కేరళలో కన్నూర్‌ని అడగాలి. 2018 డిసెంబరు 9న తెరిచారు. చుట్టూ గల్ఫ్ కుటుంబాలే. కానీ విదేశీ కంపెనీలు దిగడానికి ఆ ఊరికి అనుమతి ఇవ్వలేదు. ఉన్న బలమంతా ఒకటి రెండు మన కంపెనీలే. వాటిలో ఒకటైన గో ఫస్ట్ 2023 మేలో మూతపడగానే ఎయిర్‌పోర్టు నడుం విరిగినంత పనైంది.

## మొదలైన కొత్తలో

ప్రభుత్వం నష్టం భరిస్తే ఫ్లైట్ నడుస్తుంది కదా?

భరించినన్నాళ్లు నడుస్తుంది. దీన్ని వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. ఖాళీ సీట్ల నష్టంలో ఇంత వరకు ప్రభుత్వం పూడుస్తుంది. విజయవాడ–సింగపూర్ ఫ్లైట్ అలాగే నడిచింది. వారానికి రెండు రోజులు, ఇండిగో నడిపింది, రాష్ట్ర ప్రభుత్వం పూచీ పడింది. 2019 మధ్యలో ఆ డబ్బు ఆగింది, ఫ్లైటూ ఆగింది. అదే ఊరి నుంచి 2022 అక్టోబరులో షార్జాకు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ మొదలైంది. సింగపూర్‌ది అధికారుల ప్రయాణాల మీద ఆశ పెట్టుకున్న రూటు, షార్జాది కూలి జనం ఎక్కే రూటు.

దేశంలోపల చిన్న ఊళ్లకు కేంద్రం రాయితీతో నడిపే ఉడాన్ రూట్ల మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ఇంకా కటువుగా ఉంది. 774 రూట్లు కేటాయిస్తే 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ కాలం పూర్తి చేసినవి 112. రాయితీ పోయాక కూడా నిలబడినవి 54. దేశీయ రూట్లకే ఇలా ఉంది. గువాహటి నుంచి ఢాకాకు, బ్యాంకాక్‌కు 2019లో ఇదే పద్ధతిలో విదేశీ ఫ్లైట్లు వేశారు. అవీ ఎంతో కాలం సాగలేదు.

డబ్బు ఇవ్వొద్దని నేను అనడం లేదు. కొత్త రూటు జనం నోళ్లలో నానడానికి ఏడాది రెండేళ్లు పడుతుంది, ఆ కాలానికి ఊత కావాలి. ఆరు నెలలకి ఒప్పందం రాసుకుంటే మాత్రం టికెట్ తీయాలన్నా నాకే భయంగా ఉంటుంది.

డైరెక్టు ఫ్లైట్ టికెట్టు హైదరాబాద్ మీదుగా వెళ్లే దానికన్నా ఎక్కువ ఉంటుందేం?

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి రోజుకి చాలా ఫ్లైట్లు, నాలుగైదు కంపెనీలు. ఒకడు తగ్గిస్తే ఇంకొకడు తగ్గించాలి. మన దగ్గర ఒక్క కంపెనీ ఒక్క ఫ్లైట్ ఉంటే పోటీ లేదు. పైగా కొత్త ఎయిర్‌పోర్టు కట్టిన ఖర్చు రాబట్టుకోవడానికి యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అని టికెట్టులోనే కలుపుతారు. అది కంపెనీకి పోయేది కాదు, ఎయిర్‌పోర్టుకి పోయేది. టికెట్టులో ఆ వరుస చూసి నా కమిషన్ అనుకుని దెబ్బలాడినవాళ్లున్నారు.

పోల్చేటప్పుడు మొత్తం లెక్క వేయండి. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం, సికింద్రాబాద్‌లో దిగి శంషాబాద్‌కి ఆటోలో, బస్సులో, తోడొచ్చిన ఇద్దరి ఖర్చు, ఒక పూట లాడ్జి. అన్నీ కూడితే రెండు మూడు వేలు ఎక్కువైనా డైరెక్టే చాలాసార్లు కలిసొస్తుంది.

అర్ధరాత్రి రెండింటికీ మూడింటికీ దిగే ఫ్లైట్లే మనకెందుకు వేస్తారు?

విమానం నేల మీద ఉంటే నష్టం. దుబాయ్‌కి వెళ్లి రావడానికి మొత్తం తొమ్మిది పది గంటలు పడుతుంది. పగలు అదే సమయంలో ఆ విమానం హైదరాబాద్‌కి మూడుసార్లు వెళ్లొస్తుంది. కాబట్టి పగలు దేశంలోపల తిప్పి, రాత్రి ఊరికే నిలబెట్టే బదులు గల్ఫ్‌కి పంపుతారు. అవతలి ఎయిర్‌పోర్టులో మంచి టైములన్నీ పెద్ద ఊళ్ల ఫ్లైట్లకి ఎప్పుడో పోయాయి. విశాఖ పాత ఎయిర్‌పోర్టు నేవీ స్థావరం ఐఎన్ఎస్ డేగలో ఉండడంతో మన వైపు కూడా టైముల మీద పరిమితులు ఉండేవి.

దీని భారం పడేది ఊరి నుంచి వచ్చేవాళ్ల మీద. నాకు బాగా గుర్తున్న దృశ్యం ఒకటి చెబుతాను. విశాఖలో అరైవల్స్ బయట తెల్లవారుజామున ఒక కుటుంబం. మందస వైపు నుంచి కిరాయి బొలెరోలో తొమ్మిది మంది వచ్చారు. రాత్రి పది నుంచి అక్కడే ఉన్నారు. వచ్చినవాడి ట్రాలీ మీద నైలాను తాడుతో కట్టిన అట్టపెట్టె, దాని మీద నల్ల మార్కరుతో పేరు, నాన్న పేరు, ఊరు, మండలం, ఫోను నంబరు. చిన్న పాప నిద్ర మొహంతో నాన్న దగ్గరికి పోకుండా అమ్మ కొంగు వెనక దాక్కుంది. ఆ టైముకి ఒక్క ఆర్టీసీ బస్సు ఉన్నా తొమ్మిది మందికి బండి కిరాయి తప్పేది. భోగాపురం నుంచి ఫ్లైట్లు ఎన్ని వస్తాయన్న మాటతో పాటు, రాత్రి మూడింటికి శ్రీకాకుళం, పలాస వైపు బస్సు ఉంటుందా అన్న మాట కూడా మనం అడగాలి.

వారానికి రెండు రోజులైతేనేం, మొదలైతే చాలు కదా?

మొదలు కావడానికి చాలు, నిలబడడానికి చాలదు. తండ్రి పోయాడని ఫోనొస్తే మంగళవారం దాకా ఎవరూ ఆగరు. వెంటనే హైదరాబాద్‌కో చెన్నైకో టికెట్ తీయమంటారు. వ్యాపారి రెండు రోజుల పని మీద సింగపూర్ వెళ్తే తిరుగు ఫ్లైట్ కోసం నాలుగు రోజులు హోటల్ ఖర్చు భరించడు. అసలు ఎక్కువ ధర పెట్టేది ఈ అత్యవసరం వాళ్లూ, వ్యాపారం వాళ్లూ. వాళ్లు జారిపోతే చవక టికెట్ల వాళ్లే మిగులుతారు. అప్పుడు కంపెనీ 'ఆదాయం లేదు' అంటుంది. రోజులు పెంచితే జనం వస్తారు, జనం వస్తే రోజులు పెంచుతారు. విత్తు ముందా చెట్టు ముందా తేలేలోపు చాలా రూట్లు ఎత్తేస్తారు.

## నడుస్తున్నప్పుడు

సంక్రాంతికి సీటు దొరకదు. అయినా నష్టమంటారేం?

సంక్రాంతికి ముందు వారం గల్ఫ్ నుంచి వచ్చే ఫ్లైట్ కిక్కిరిసి ఉంటుంది. అదే విమానం తిరిగి వెళ్లేటప్పుడు? ఎవరూ పండగ ముందు ఇల్లు వదలరు కదా. కనుమ దాటిన వారం దీనికి తిరగేసి. అంటే పండగ రద్దీలో కూడా సగం విమానం ఖాళీ. విజయనగరంలో సిరిమానోత్సవానికీ ఇదే తీరు. ఇక ఆషాఢంలో, పెళ్లిళ్లు లేని నెలల్లో మా షాపులో ఫ్యాను శబ్దం వినపడుతుంది. కంపెనీ చూసేది పండగ వారం కాదు, వానాకాలంలో ఒక మామూలు మంగళవారం ఎంతమంది ఎక్కారన్నది.

రొయ్యలు, జీడిపప్పు విమానంలో ఎగుమతి చేస్తే ఖర్చు రాదా?

గడ్డకట్టించిన రొయ్యలు ఓడలో పోతాయి, చల్లటి కంటైనర్లలో, విశాఖ పోర్టు నుంచి. పలాస జీడిపప్పు పాడయ్యేది కాదు, దానికి విమానం తొందర లేదు. విమానం ఎక్కేది త్వరగా చెడిపోయేదీ, బరువు తక్కువ విలువ ఎక్కువ ఉన్నదీ. విజయనగరం మామిడి మేలు రకం, తాజా చేప, పైడిభీమవరం ఫార్మా కంపెనీల అర్జెంటు సరుకు లాంటివి. చిన్న విమానం కడుపులో సామాన్లు పోగా పట్టే సరుకు రెండు మూడు టన్నులు. గల్ఫ్ నుంచి ఒక్కొక్కడు ముప్పై కిలోలు తెచ్చుకుంటే అందులోనూ కోతే. కొంత ఆసరా అవుతుంది గానీ రూటుని అదొక్కటే మోయలేదు. మందస–వజ్రపుకొత్తూరు వైపు కార్గో ఎయిర్‌పోర్టు ప్రతిపాదన మీద ఉద్దానం రైతులు భూముల కోసం ఆందోళన చేశారు. 'ఇక్కడ ఏ సరుకు ఎక్కుతుంది' అన్న వాళ్ల ప్రశ్న కొట్టిపారేయదగింది కాదు.

ఇచ్ఛాపురం వాళ్లకి భోగాపురం దగ్గరా, భువనేశ్వర్ దగ్గరా?

దాదాపు సమానం. రెండూ నూట తొంభై కిలోమీటర్ల అటూ ఇటూ, రెండు వైపులా అదే 16వ నంబరు జాతీయ రహదారి. ఒడిశా ప్రభుత్వం పూచీతో 2023 మే 15న భువనేశ్వర్ నుంచి దుబాయ్‌కి ఫ్లైట్ మొదలైంది. ఆ వెంటనే సింగపూర్, బ్యాంకాక్. అప్పట్నుంచి కంచిలి, ఇచ్ఛాపురం వాళ్లు రెండు వైపులా ధర చూడమంటున్నారు. మన లెక్కల్లో 'మనవాళ్లు' అనుకునే ప్రయాణికుల్లో కొంతమంది బరంపురం దాటి అటు పోతారు. కన్నూర్‌కి ఒకవైపు కోళికోడ్, ఇంకోవైపు మంగళూరు ఉన్నట్టే ఇదీనూ.

విమానం ఇంధనం మీద పన్ను తగ్గిస్తే?

దేశంలోపల రూట్లకి అది బాగా పనికొస్తుంది. విదేశీ రూటుకి పోసే ఇంధనాన్ని ఎగుమతి కింద లెక్కేస్తారు కాబట్టి రాష్ట్ర వ్యాట్ తగ్గించినందువల్ల ఒరిగేది తక్కువ.

విదేశీ పర్యాటకులు రారా? మనకి బౌద్ధ స్థలాలున్నాయి కదా?

శాలిహుండం ఉంది, రామతీర్థం కొండలున్నాయి, అటు బావికొండ, తొట్లకొండ ఉన్నాయి. థాయ్ యాత్రికులు బుద్ధగయకి వెళ్తారు. వాళ్లు శాలిహుండం రావాలంటే ముందు అక్కడ శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. ఇంతకన్నా చెప్పడానికి ప్రస్తుతం నా దగ్గర లేదు.

## ఆగిపోయినప్పుడు

టికెట్ తీశాక ఫ్లైట్ క్యాన్సిల్ చేశారు. డబ్బు మొత్తం వస్తుందా?

కంపెనీ క్యాన్సిల్ చేస్తే మొత్తం రిఫండు గానీ వేరే ఫ్లైటు గానీ ఇవ్వాలి, ఎంచుకునే హక్కు మీది. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం పరిహారం కూడా ఉంది. రెండు గంటలు దాటిన ప్రయాణానికి 10,000 రూపాయలు లేదా టికెట్ మూల ధర, ఇంధన చార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. తుఫాను లాంటి కారణమైతే పరిహారం ఉండదు, రిఫండు ఉంటుంది. 2014 హుద్‌హుద్‌కి విశాఖ టెర్మినల్ పైకప్పే దెబ్బతింది. 2018 తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. అక్టోబరు ప్రయాణాలకి రెండు రోజులు తేడా పెట్టుకోమని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఒక సలహా. టికెట్‌లో మీ సొంత ఫోను నంబరే ఇవ్వండి. ఒకసారి కవిటి అబ్బాయికి టికెట్ తీసినప్పుడు నేనే పొరపాటున నా నంబరు ఇచ్చాను. రద్దయిందని రాత్రి మెసేజ్ వచ్చింది, నేను పడుకున్నాను. అతను తెల్లారేసరికి ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఉన్నాడు. తర్వాతి ఫ్లైట్ నాలుగు రోజులకి. వీసా గడువు మూడు రోజులే. చివరికి చెన్నై మీదుగా పంపాను, తేడా డబ్బు నేనే వేసుకున్నాను. ఆ కంపెనీ రిఫండుకి రెండు నెలలు తిప్పింది.

ఇలాంటి ఎయిర్‌పోర్టులు ఎక్కడైనా బాగుపడ్డాయా?

బాగుపడనిది ముందు చెబుతాను. శ్రీలంకలో హంబన్‌టోట దగ్గర మత్తల ఎయిర్‌పోర్టు, 2013లో తెరిచారు. అధికారంలో ఉన్న నాయకుడి సొంత జిల్లా, పెద్ద రన్‌వే, పెద్ద టెర్మినల్. 2015లో వాళ్ల సొంత ఎయిర్‌లైన్సే మానేసింది, 2018లో ఫ్లైదుబాయ్ కూడా వెళ్లిపోయింది. ప్రపంచంలోకెల్లా ఖాళీ అంతర్జాతీయ ఎయిర్‌పోర్టు అని పేరు పడింది.

బాగుపడింది ఐర్లండులో నాక్. మేయో అనే వలసల జిల్లాలో, పొగమంచు పట్టే కొండ మీద, జేమ్స్ హోరన్ అనే ఊరి ఫాదరు పట్టుబట్టి కట్టించాడు. 1986లో లాంఛనంగా తెరిచారు. బురదకొండ మీద ఎయిర్‌పోర్టేమిటని నవ్వారు. అది ఈ రోజుకీ నడుస్తోంది. బ్రిటన్‌లో పనిచేసే అక్కడివాళ్లకి ఇల్లు ఒక గంట దూరం, టికెట్ చవక, ఏడాదికి చాలాసార్లు వచ్చిపోతారు. మనవాడు రెండేళ్లకోసారి వస్తాడు. వలసే కారణమైనా నాక్ లెక్క మనకి యథాతథంగా పనికిరాదు.

మనమే తలా కొంత వేసుకుని ఒక ఫ్లైట్ నడుపుకోలేమా?

నవ్వకండి, ఇది నిజంగా ఒక రిటైర్డు మాస్టారు అడిగారు. మన దేశంలో విదేశాలకి నడపాలంటే ఎయిర్‌లైన్స్‌కి కనీసం 20 విమానాలు గానీ, మొత్తం సామర్థ్యంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత, దేశంలోపల తిప్పాలి. కాబట్టి చందాలతో అయ్యే పని కాదు.

ఐస్‌లాండులో అక్యూరేరి అనే చిన్న ఊరివాళ్లు మాత్రం చేసి చూశారు. అక్కడి కంపెనీలు కలిసి నైస్ ఎయిర్ అని పెట్టుకుని, అద్దెకు తెచ్చిన ఒకే ఒక్క విమానంతో 2022 జూన్‌లో మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్‌లో ఆ విమానం చేజారింది, కంపెనీ మూతపడింది. అయితే అదే ఏడాది అక్టోబరు చివర్లో ఈజీజెట్ లండన్ నుంచి ఆ ఊరికి చలికాలం ఫ్లైట్ వేసింది. ఎక్కేది ఎక్కువగా మంచు చూడటానికి వచ్చే బ్రిటిష్ వాళ్లు. ఈ సంగతి మాస్టారికి చెబితే కాసేపు ఆలోచించి, 'అయితే మనం శాలిహుండంలో మరుగుదొడ్డి కట్టించడానికి చందాలు వేద్దాం' అన్నారు. పేరు రాసుకున్నాను.